ఆవు ఎగురుతోంది... అయితే ఏంటి?

పోయిన వారం ఆఫీసులో డెమో ఇస్తున్నాను. స్క్రీన్ షేర్‌లో ఉంది. పొరపాటున విండో మినిమైజ్ అయింది, నా డెస్క్‌టాప్ వాల్‌పేపర్ అందరికీ కనిపించేసింది. ఆకుపచ్చ మొహం ఉన్న ఓ మనిషి. అతనికి ఎదురుగా, ముక్కుకి ముక్కు ఆనించినంత దగ్గరగా, పెద్ద ఆవు మొహం. ఆ ఆవు చెంప మీద ఇంకో బుల్లి ఆవు, దాని పాలు పితుకుతున్న ఓ ఆవిడ. వెనకాల ఊరు. ఊళ్లో కొన్ని ఇళ్లు నిటారుగా ఉన్నాయి, కొన్ని తలకిందులుగా ఉన్నాయి.

రెండు సెకన్లు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు: "బ్రో, ఏం ప్రాంప్ట్ ఇచ్చారు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాడి తప్పేం లేదు లెండి. ఇవాళ ఎగిరే ఆవు బొమ్మ కావాలంటే పది సెకన్ల పని. ఊదా రంగు ఏనుగు మీద కూర్చుని వీణ వాయిస్తున్న చేప కావాలన్నా వచ్చేస్తుంది. వింత అనేది ఇంత చవకైపోయాక, ఏ వింత బొమ్మ చూసినా మనకి ముందు వచ్చే అనుమానం అదే.

కానీ ఈ ఆవుకి ఓ అడ్రస్ ఉంది. అదే ఈ వారం చెప్పాలనుకుంటున్నాను. బొమ్మ పేరు 'నేను, మా ఊరు'. వేసినవాడు మార్క్ షగాల్. వేసింది 1911లో, పారిస్‌లో. ఎత్తు 192 సెంటీమీటర్లు, అంటే ఆరడుగుల పైమాటే. ఇప్పుడు న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉంది. ఇలాంటి బొమ్మలతో షగాల్ మొట్టమొదటి సోలో ఎగ్జిబిషన్ 1914 జూన్‌లో బెర్లిన్‌లో జరిగింది. ఆ ఎగ్జిబిషన్‌కి వెళ్లడం వల్ల అతని జీవితమే తలకిందులైంది. ఎలాగో చెప్తాను.

ఇంటి కప్పు మీద తాతయ్య

షగాల్ 1887లో విటెబ్స్క్ అనే ఊళ్లో పుట్టాడు. ఇప్పుడది బెలారస్‌లో ఉంది. అప్పట్లో రష్యా సామ్రాజ్యంలో భాగం. ఊరి జనంలో సుమారు సగం మంది యూదులు. ఇంట్లో మాట్లాడేది యిడ్డిష్ భాష. యూదులు ఎక్కడ పడితే అక్కడ కాపురం ఉండటానికి వీల్లేదు. రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉండాలంటే పర్మిట్ కావాలి. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఈ బొమ్మలు చూస్తే ఇదేదో బెంగ తెలియని బాల్యం అనిపిస్తుంది. అంత సీన్ లేదు.

తొమ్మిది మంది పిల్లల్లో ఇతనే పెద్దవాడు. నాన్న హెర్రింగ్ చేపల గోడౌన్‌లో కూలీ. ఉప్పులో ఊరబెట్టిన చేపల పీపాలు మోసేవాడు. అమ్మ ఇంట్లోనే చిన్న కిరాణా కొట్టు నడిపేది. షగాల్ 35 ఏళ్ల వయసులోపే 'నా జీవితం' అని ఓ ఆత్మకథ రాశాడు. అందులో నాన్న గురించి చెప్పిన ఓ సంగతి నన్ను వదలదు. సాయంత్రం అలసిపోయి, బట్టల నిండా చేపల ఉప్పునీళ్లతో ఇంటికొచ్చే ఆ మనిషి జేబుల్లోంచి పిల్లల కోసం కేకులు, చక్కెర పట్టించిన పళ్లు బయటికొచ్చేవట.

తాతయ్య ఊరు దగ్గర్లోనే ఉన్న లియోజ్నో. ఆయన కసాయి. అంటే షగాల్ చిన్నప్పుడు ఆవుని ప్రేమించాడు, ఆ ఆవునే కోస్తుంటే చూశాడు, దాని మాంసమే తిన్నాడు. మూడూ ఒకే ఇంట్లో. ఆ బొమ్మలో ఆవు కళ్లు, మనిషి కళ్లు ఒక సన్నటి గీతతో కలిసి ఉంటాయి. ఈ సంగతి తెలిశాక ఆ గీత చూస్తే కాస్త గుండె బరువెక్కుతుంది.

అదే తాతయ్య ఓ పండగ రోజు కనిపించకుండా పోయాడట. ఇంట్లో వాళ్లంతా వెతికారు. చివరికి ఎక్కడ దొరికాడో తెలుసా? ఇంటి కప్పు ఎక్కి, పొగగొట్టం మీద కూర్చుని, తాపీగా క్యారెట్లు తింటున్నాడు. ఇది షగాల్ స్వయంగా రాసుకున్న మాట. ఇంకో మామయ్య ఉండేవాడు, పశువుల వ్యాపారం చేస్తూ, తీరిక దొరికితే ఫిడేలు వాయించేవాడు. ఇప్పుడు షగాల్ బొమ్మల్లో ఇళ్ల కప్పుల మీద ఫిడేలు వాయించే మనుషుల్ని చూడండి. మనకి అది ఫాంటసీ. అతనికి మాత్రం ఫ్యామిలీ ఆల్బమ్.

ఇంట్లో ఎవరికీ బొమ్మలంటే ఏంటో తెలీదు. ప్రభుత్వ హైస్కూల్లో యూదుల పిల్లల్ని చేర్చుకోరు కాబట్టి, వాళ్లమ్మ 50 రూబుళ్లు లంచం ఇచ్చి సీటు సంపాదించింది. అక్కడ ఓ క్లాస్‌మేట్ బొమ్మ దించుతుంటే చూసి, ఇదెలా వేస్తారని అడిగాడు షగాల్. లైబ్రరీకి వెళ్లి పుస్తకం తెచ్చుకుని, అందులో నచ్చిన బొమ్మ చూసి దించమన్నాడు వాడు. మొత్తం కెరీర్ అక్కడ మొదలైంది. ఊళ్లో యెహుదా పెన్ అనే ఆర్టిస్టు దగ్గర చేరాడు. పెన్ పద్ధతిగా, ఉన్నది ఉన్నట్టు వేసే గురువు. శిష్యుడేమో అన్నింటినీ వంకాయ రంగులో వేసేవాడు. పెన్ తిట్టలేదు, పైగా ఫీజు లేకుండా చెప్తానన్నాడు. అలాంటి గురువు మనలో ఎంతమందికి దొరికాడో ఒకసారి లెక్కేసుకోండి.

1906 చివరి చలికాలంలో సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్లి చదువుకుంటానన్నాడు. నాన్న 27 రూబుళ్లు బల్ల కిందకి విసిరేశాడు. అబ్బాయి కిందకి వంగి, ఒక్కొక్కటీ ఏరుకుని, జేబులో వేసుకుని రైలెక్కాడు. ఇంజినీరింగ్ వదిలేసి సినిమాల్లోకి వెళ్తానని ఇంట్లో చెప్పిన ఫ్రెండ్ మీక్కూడా ఉండే ఉంటాడు. వాణ్ని అడగండి, ఆ సీన్ ఎలా ఉంటుందో.

ఊరు వదిలాకే ఊరు కనిపించింది

1910లో షగాల్ పారిస్ చేరాడు. ఓ లాయర్ దయతో నెలకి 125 ఫ్రాంకుల స్టైపెండ్. 'లా రూష్' అనే బిల్డింగ్‌లో మకాం. ఆ మాటకి అర్థం తేనెపట్టు. గుండ్రటి బిల్డింగ్, లోపల కేక్ ముక్కల్లా కోసిన చిన్న చిన్న గదులు. ఒక్కో గదిలో ఒక్కో పేద ఆర్టిస్టు. కాన్వాస్ కొనలేక టేబుల్ క్లాతుల మీద, దుప్పట్ల మీద, చిరిగిన చొక్కాల మీద కూడా వేశాడు. పక్కనే పశువధశాల. తెల్లవారుజామున ఆవుల అరుపులు వినిపించేవి. పారిస్‌లో తాతయ్య ఇల్లు వచ్చి తలుపు కొట్టినట్టే కదా.

అప్పటికి పారిస్‌లో క్యూబిజం నడుస్తోంది. పికాసో, బ్రాక్ కలిసి గిటార్లనీ సీసాలనీ ముక్కలు ముక్కలుగా విడదీసి చూపిస్తున్నారు. షగాల్ ఆ టెక్నిక్ నేర్చుకున్నాడు. కానీ ఆ ముక్కల్లో గిటార్లు పెట్టలేదు. విటెబ్స్క్‌ని పెట్టాడు. ఆవులు, గుడిసెలు, పాలు పితికే ఆడవాళ్లు, కొడవలి భుజాన వేసుకుని వచ్చే రైతు.

ఇక్కడే నాకు ఆశ్చర్యం వేసే విషయం ఒకటుంది. ఈ వింత విటెబ్స్క్ బొమ్మల్లో చాలావరకు అతను విటెబ్స్క్‌లో ఉండి వేసినవి కావు. అక్కణ్నుంచి వెళ్లిపోయాక వేసినవి. తర్వాత తిరిగి ఊరెళ్లినప్పుడు మళ్లీ మామూలు బొమ్మలు చాలా వేశాడు. మంగలి షాపు, కిటికీలోంచి కనిపించే వీధి, ఇంట్లో మనుషులు. వాటిని తనే 'డాక్యుమెంట్లు' అన్నాడు. అంటే ఊరు ఎదురుగా ఉంటే కళ్లతో చూసి వేశాడు. దూరమయ్యాక జ్ఞాపకంలోంచి వేశాడు. జ్ఞాపకంలో ఏదీ కొలత ప్రకారం ఉండదు. మీ స్కూలు గ్రౌండ్ ఎంత పెద్దదిగా గుర్తుందో, ఇప్పుడెళ్లి చూస్తే ఎంత చిన్నగా ఉందో మీకే తెలుసు. ఏది ముఖ్యమో అది పెద్దదవుతుంది. ఏది ఎక్కడుందో మర్చిపోతాం, పక్కపక్కన పెట్టేస్తాం. 'నేను, మా ఊరు'లో ఆవు మొహం ఇళ్ల కంటే పెద్దది ఎందుకైందో ఇప్పుడు అర్థమవుతుంది. చిన్నపిల్లాడికి ఆవు నిజంగానే అంత పెద్దది.

సామెతని ఉన్నదున్నట్టు వేస్తే

ఇంకో సీక్రెట్ కూడా ఉంది. భాష.

మనం "పరీక్ష పాసైతే వాడి కాళ్లు నేల మీద ఆనలేదు" అంటాం. "ఆ బిల్లు చూసి తల తిరిగింది" అంటాం. "వ్యాపారం తలకిందులైంది" అంటాం. ఎవరూ నిజంగా గాల్లోకి లేవరు, ఎవరి తలా నిజంగా తిరగదు. కానీ నాలుగేళ్ల పిల్లాడికి ఈ మాట మొదటిసారి వినిపించినప్పుడు? వాడు నిజంగానే ఆ దృశ్యం చూస్తాడు.

షగాల్ ఆ పిల్లాడి చెవుల్ని పోగొట్టుకోలేదు. యిడ్డిష్‌లో ఇంటింటికీ తిరిగి అడుక్కునేవాణ్ని 'ఇళ్ల మీదుగా వెళ్తున్నాడు' అంటారు. షగాల్ ఏం చేశాడు? గడ్డం ముసలాయన, చేతిలో కర్ర, భుజాన మూట, నిజంగానే మంచు కప్పిన ఇళ్ల మీదుగా ఆకాశంలో నడుచుకుంటూ వెళ్తున్నట్టు వేశాడు. అదే 'విటెబ్స్క్ మీదుగా' అనే ప్రసిద్ధ చిత్రం. ఒక పనిని బాగా, మనసుపెట్టి చేస్తే 'ఏడు వేళ్లతో చేశాడు' అని ఇంకో వాడుక. షగాల్ తన సెల్ఫ్ పోర్ట్రెయిట్‌లో ఎడమ చేతికి నిజంగా ఏడు వేళ్లు పెట్టాడు. ఇవాళ చూస్తే "ఏఐకి వేళ్లు వేయడం రాదు, చూశారా" అని నవ్వేస్తాం. అతను మాత్రం లెక్కపెట్టుకునే వేశాడు. 'కవి' అనే బొమ్మలో ఓ మనిషి మెడ మీద తల పూర్తిగా తలకిందులుగా ఉంటుంది. యిడ్డిష్‌లో కూడా తల తిరిగినవాడు అనే మాట ఉంది మరి.

అందుకే తన బొమ్మల్ని ఫాంటసీ అంటే షగాల్ ఒప్పుకునేవాడు కాదు. మనసు లోపల జరిగేది కూడా నిజమేనని, బయట కనిపించేదాని కంటే ఇంకాస్త ఎక్కువ నిజమేమోనని అతని వాదన.

ఒకరోజు కవి అపొలినేర్ ఆ గదికొచ్చాడు. బొమ్మలు చూస్తూ కూర్చుని, చివరికి నెమ్మదిగా ఒకే ఒక్క మాట అన్నాడట. మన భాషలో చెప్పాలంటే 'అలౌకికం'. ఆ అపొలినేరే షగాల్‌కి బెర్లిన్ గ్యాలరీ యజమాని హెర్వార్త్ వాల్డెన్‌ని పరిచయం చేశాడు.

మూడు నెలలకని వెళ్తే

వాల్డెన్ గ్యాలరీ పేరు 'డెర్ స్టుర్మ్'. అంటే తుఫాను. పొట్స్‌డామర్ స్ట్రాస్సె అనే వీధిలో ఉండేది. అదే పేరుతో పత్రిక కూడా. యూరప్‌లో కొత్తగా ఎవరు ఏం వేసినా బెర్లిన్ జనానికి ముందు అక్కడే కనిపించేది.

1914 జూన్. షగాల్ తన పారిస్ పనిలో చాలావరకు మూటగట్టి బెర్లిన్ పంపాడు. 40 పెయింటింగ్‌లు, 160 దాకా గౌచ్‌లు, వాటర్ కలర్లు, డ్రాయింగ్‌లు. నాలుగేళ్ల కష్టం. తనూ వెళ్లాడు. కేటలాగ్‌కి ముందుమాటగా అపొలినేర్ కవిత. చేపల గోడౌన్ కూలీ కొడుకు, 27 ఏళ్లు నిండకుండానే, యూరప్‌లో అందరూ చూసే గ్యాలరీలో సోలో ఎగ్జిబిషన్.

అక్కణ్నుంచి ఇంటికి వెళ్లొద్దామనుకున్నాడు. చెల్లెలి పెళ్లి ఉంది. తన కోసం నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్న బెల్లా రోసెన్‌ఫెల్డ్ ఉంది. ఓ మూడు నెలలు ఉండి పారిస్ వచ్చేద్దామని ప్లాన్. పారిస్ గదిలో మిగిలిన బొమ్మలు అలాగే ఉంచేసి, తలుపుకి తాళం కూడా లేక ఓ తీగ చుట్టి వచ్చాడు. మనం ఊరెళ్లేటప్పుడు "వారంలో వచ్చేస్తాగా" అని ఫ్రిజ్‌లో పాలు వదిలేసి వెళ్తామే, అలా.

జూన్ మధ్యలో బెర్లిన్ నుంచి విటెబ్స్క్ రైలెక్కాడు. జూన్ 28న సరయెవోలో ఆస్ట్రియా యువరాజుని కాల్చి చంపారు. ఆగస్టు 1న జర్మనీ రష్యా మీద యుద్ధం ప్రకటించింది. సరిహద్దులు మూసేశారు. ఇప్పుడు షగాల్ శత్రుదేశ పౌరుడు. అతను చేసిన పనిలో చాలా భాగం శత్రుదేశపు గ్యాలరీ గోడలకి వేలాడుతోంది.

మూడు నెలలు కాస్తా ఎనిమిదేళ్లు అయ్యాయి.

ఆ ఎనిమిదేళ్లలో చాలా జరిగింది. 1915 జులైలో బెల్లాని పెళ్లి చేసుకున్నాడు. ఆ ఏడాదే 'పుట్టినరోజు' వేశాడు. చేతిలో పూలు పట్టుకున్న బెల్లా, ఆమెకి ముద్దు పెట్టడానికి గాల్లోకి లేచి మెడ వెనక్కి వంచేసిన అతను. కాళ్లు నేల మీద ఆనకపోవడం అంటే అదీ. 1917లో విప్లవం వచ్చింది. యూదుడనే కారణంతో పర్మిట్లు అడిగే రోజులు పోయాయి. 1918లో షగాల్‌ని విటెబ్స్క్‌కి కళల కమిషనర్‌గా నియమించారు. విప్లవం మొదటి వార్షికోత్సవానికి ఊరంతా అలంకరించే బాధ్యత ఇతనిదే. ఊళ్లో ఇళ్లకి రంగులేసే పెయింటర్లందర్నీ పోగేసి, పెద్ద పెద్ద బ్యానర్లు వేయించాడు. ఏం వేయించి ఉంటాడు? ఆకుపచ్చ ఆవులు, ఎగిరే గుర్రాలు.

పార్టీ నాయకులు బుర్ర గోక్కున్నారు. ఆవు ఆకుపచ్చగా ఎందుకుంది, గుర్రం ఆకాశంలో ఎందుకుంది, దీనికీ మార్క్స్, లెనిన్‌లకీ ఏంటి సంబంధం అని అడిగారట. షగాల్ తన ఆత్మకథలో ఇది నవ్వుతూ రాశాడు కానీ, నాకు అది నవ్వులాటగా అనిపించదు. బ్యాంకు యాప్ వాడు, బాస్, బంధువులు, రిక్రూటర్, అందరూ మనల్ని అడిగేది చివరికి ఇదే కదా: దీని వల్ల ఉపయోగం ఏంటి? ఊళ్లో అతను ఆర్ట్ స్కూలు పెట్టాడు. అక్కడికి టీచర్‌గా వచ్చిన మాలెవిచ్ చతురస్రాలు, వృత్తాలు తప్ప మిగతాదంతా పాతబడిందన్నాడు. స్టూడెంట్లు ఒక్కొక్కరే అటు వెళ్లిపోయారు. 1920లో షగాల్ సొంత ఊరు వదిలి మాస్కో వెళ్లాడు.

వెనక్కి వచ్చి చూస్తే

1922లో ఎట్టకేలకు బెర్లిన్ చేరాడు. ఇక ఊహించుకోండి. యుద్ధం జరుగుతున్నన్నాళ్లూ వాల్డెన్ ఆ బొమ్మల్ని చూపిస్తూ, అమ్ముతూ వచ్చాడు. జర్మనీలో షగాల్ అంటే ఇప్పుడు పెద్ద పేరు. కానీ బొమ్మలు లేవు. దాదాపు అన్నీ అమ్ముడైపోయాయి. డబ్బు జమ చేసి ఉంచానన్నాడు వాల్డెన్. నిజమే కావచ్చు. కానీ అప్పటికి జర్మన్ మార్క్ కుప్పకూలుతోంది. 1914లో డాలర్‌కి 4.2 మార్కులు ఉండేది. 1923 నవంబర్ నాటికి డాలర్‌కి 4.2 లక్షల కోట్ల మార్కులు. నాలుగేళ్ల పనికి వచ్చిన డబ్బుతో ఏం వచ్చేదో మీరే లెక్కేసుకోండి.

షగాల్‌కి డబ్బు కాదు, బొమ్మలు కావాలి. కనీసం కొన్నవాళ్ల పేర్లన్నా చెప్పమన్నాడు. వాల్డెన్ చెప్పలేదు. కేసు కోర్టుకెక్కింది. 1926లో రాజీ కుదిరి, కొన్ని బొమ్మలు మాత్రం తిరిగొచ్చాయి. ఈలోగా 1923లో పారిస్ వెళ్లి లా రూష్ గది చూసుకున్నాడు. తీగ కట్టిన తలుపు వెనక ఏమీ మిగల్లేదు.

వాల్డెన్‌ని విలన్ చేయడం తేలిక. నేనూ మొదట చేశాను. తర్వాత అతని కథ చదివాను. ఇతనూ యూదుడే. నాజీలు రాబోతున్నారని 1932లో మాస్కో పారిపోయాడు. అక్కడ స్టాలిన్ పోలీసులు 1941లో అరెస్ట్ చేశారు. అదే ఏడాది సరాటోవ్ జైల్లో చనిపోయాడు. షగాల్‌ని ప్రపంచానికి చూపించిందీ అతనే, షగాల్ పనిని చేజారనిచ్చిందీ అతనే. రెండూ నిజమే.

మరి షగాల్ ఏం చేశాడు? కుంగిపోయాడు, సరే. ఆ తర్వాత కూర్చుని, పోయిన బొమ్మల్లో కొన్నింటిని మళ్లీ వేశాడు. ఆలోచించండి. మొదట ఊరిని గుర్తుచేసుకుని బొమ్మ వేశాడు. ఇప్పుడు ఆ బొమ్మని గుర్తుచేసుకుని ఇంకో బొమ్మ. బ్యాకప్ లేని డేటా పోతే మేం కూడా చేసే పని ఇదే, తల పట్టుకుని మళ్లీ మొదట్నుంచి రాయడం. తేడా ఏంటంటే, నేను రెండోసారి రాసిన కోడ్‌ని ఎవరూ మ్యూజియంలో పెట్టరు.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. 1937లో నాజీలు మ్యూనిక్‌లో 'దిగజారిన కళ' అని వెక్కిరించడానికే ఓ ఎగ్జిబిషన్ పెట్టి, అందులో షగాల్ బొమ్మలు కూడా వేలాడదీశారు. 1941లో షగాల్ కుటుంబం ఫ్రాన్స్ నుంచి అమెరికా పారిపోయింది. అదే వేసవిలో జర్మన్ సైన్యం విటెబ్స్క్‌ని ఆక్రమించింది. పారిపోలేక ఊళ్లో మిగిలిన యూదుల్ని గెట్టోలో పెట్టి, కొన్ని నెలల్లోనే చంపేశారు. 1944లో సోవియట్ సైన్యం మళ్లీ పట్టుకునేసరికి ఊరు శిథిలాల కుప్ప. అదే ఏడాది సెప్టెంబర్‌లో బెల్లా అమెరికాలో చనిపోయింది.

అంటే ఆ చెక్క ఇళ్లు, ఆ వీధులు, ఆ ఫిడేలు వాయించే మనుషులు, వాళ్ల భాష మాట్లాడేవాళ్లు, ఎవరూ లేరు. 1914లో బెర్లిన్ వాళ్లు "అబ్బా, ఏం ఊహ!" అని చూసిన బొమ్మలు, ముప్పై ఏళ్లు తిరిగేసరికి ఒక ఊరికి మిగిలిన ఆనవాళ్లయ్యాయి. ఎగిరే ఆవే చివరికి సాక్ష్యం అయింది.

1973లో, 85 ఏళ్ల వయసులో, షగాల్ సోవియట్ యూనియన్ వెళ్లాడు. మాస్కో చూశాడు, లెనిన్‌గ్రాడ్ చూశాడు. విటెబ్స్క్ మాత్రం వెళ్లలేదు. 1985లో, 97 ఏళ్ల వయసులో ఫ్రాన్స్‌లో కన్నుమూసేదాకా మళ్లీ ఆ ఊళ్లో అడుగు పెట్టలేదు. ఎందుకు వెళ్లలేదో నాకైతే అర్థమవుతుంది.

బావిలో తాబేలు

మా అమ్మమ్మ వాళ్ల ఇంటి పెరట్లో బావి ఉండేది. అందులో ఓ తాబేలు. అది మా తాతయ్య కంటే పెద్దదని, పౌర్ణమి రోజు బావిలో పడ్డ చంద్రుణ్ని వీపు మీద మోస్తుందని అమ్మమ్మ చెప్పేది. నేను ఆరో తరగతి దాకా నమ్మాను. ఆ ఇల్లు అమ్మేశారు. కొన్నవాళ్లు బావి పూడ్చేసి కారు షెడ్డు కట్టుకున్నారు. వాళ్ల ఇల్లు, వాళ్లిష్టం. మొన్న ఫోన్‌లో అమ్మని అడిగాను, ఆ ఇంటి ముందు తలుపు ఏ రంగు అని. ఆకుపచ్చ అంది. పిన్నిని అడిగితే నీలం అంది. ఇద్దరూ పుట్టి పెరిగిన ఇల్లు. ఒక్క ఫోటోలో కూడా ఆ తలుపు లేదు.

నా ఫోన్‌లో పద్నాలుగు వేల ఫోటోలున్నాయి. సగం స్క్రీన్‌షాట్లు. ఆ తలుపు లేదు, ఆ తాబేలు లేదు.

ఏఐని తిట్టడానికి ఇది రాయట్లేదు. ఆ పని మీదే నా జీతం వస్తోంది. ఎగిరే ఆవుని అది నా కంటే బాగా వేస్తుంది, ఎందుకంటే షగాల్ వేసిన ఆవుల్ని చూసి నేర్చుకుంది కాబట్టి. కానీ మా అమ్మమ్మ బావి గురించి దానికి తెలీదు. ఎవరూ వేయలేదు, ఎవరూ రాయలేదు. మనం చెప్పకపోతే అది లేనట్టే. అందరూ షగాల్‌లు కానక్కర్లేదు. ఆ తాబేలు సంగతి నేను ఇప్పుడు నాలుగు లైన్లలో రాశాను కదా, అంతే. మీరు కూడా ఓ కాగితం తీసుకోండి. మీ చిన్నప్పటి ఇంటి ప్లాన్ గీయండి. పొయ్యి ఎక్కడ, నీళ్ల కుండ ఎక్కడ, మీరు భయపడిన మూల ఎక్కడ. కొలతలు తప్పినా పర్లేదు. తలుపు రంగు గుర్తు రాకపోతే, తెలిసినవాళ్లు ఉండగానే ఫోన్ చేయండి.

డెమో అయిపోయాక ఆ కుర్రాడు నా సీటు దగ్గరికొచ్చాడు. ప్రాంప్ట్ లేదురా, ఇది ఫలానా ఊరు, ఇది వాళ్ల తాతయ్య ఊరి ఆవు అని చెప్పాను. కాసేపు స్క్రీన్ వంకే చూశాడు. తర్వాత, "మా నానమ్మ వాళ్ల ఊళ్లో వాటర్ ట్యాంక్ ఉండేది బ్రో" అన్నాడు. "నాలుగు కాళ్లు కదా దానికి. రాత్రిపూట అది ఊళ్లో నడుస్తుందని అనుకునేవాణ్ని. పొద్దున్నే లేచి, అదే చోట నిలబడిందా లేదా అని చూసేవాణ్ని."

"ఎప్పుడైనా చోటు మారిందా?" అన్నాను.

"ఒకసారి మారింది," అన్నాడు చాలా సీరియస్‌గా.

నమ్మాను.